మేకల సీను

"ఏమమ్మా, గుడి అనుకున్నావా ఏమి? చెప్పులు ఏసుకోని పో లోపలికి."

గేటు కాడ టికెట్లు చించే బసప్ప అట్లనంగానే చుట్టూ ఉన్నోళ్లు నగినారు.

ఆయమ్మ చెప్పులు గోడవార ఇడిచి, కొంగు తలనిండా కప్పుకోని, ఒట్టి కాళ్లతో హాల్లోకి పోయింది.

ఆడోళ్ల బెంచీల్లో ఆయమ్మ ఒక్కతే.

ఒక్కతే కాక ఇంకెవురొస్తారు? అది మామూలు సినిమానా? అనంతపురంలో దాని పోస్టర్లకు పేడ కొట్టినారు. ధర్నా చేసినారు. తాగేనీళ్ల కోసం తిరిగి తిరిగి ఏసారిన ఒక ఆడమనిషి ఆఫీసు ముందర చీర ఇప్పేసే సీను ఉండాదంట. సినిమా కంటే ముందు ఆ మాట కదిరికి వచ్చేసింది. ఇంక చెప్పాల్నా? కేబుల్ టీవీ వచ్చినాక ఈగలు తోలుకుంటాండే హాలు, మ్యాట్నీకే నిండిపోయింది.

పైన క్యాబిన్లో ఆపరేటరు ఆదెప్పకు మిషను శబ్దం తప్ప వేరే తోడు లేదు. గోడకుండే చిన్న కంతలోనుంచి జనాన్ని చూడడమే ఆయప్ప కాలక్షేపం. ఆడోళ్ల పక్క ఒక్క తల కనపడేసరికి ఇదేందబ్బా అనుకున్నాడు.

సినిమా మొదలైన కాసేపటికి మేకల సీను వస్తుంది. ఎండిన వంకలో మేకలమంద పోతాంటుంది. పాట లేదు, మాట లేదు.

అది అయిపోతానే ఆయమ్మ లేచి ఎలబారింది.

"అసలు సీను రాకముందే పోయిందే" అన్నాడు ఆదెప్ప, ఇంటర్వెల్లో కిందికి దిగి.

"నీకేం తెలుసన్నా. ఆయమ్మ వచ్చింది సినిమాకు గాదు. మొగోళ్లు నిండుగా ఉండే తావు చూసుకోని వచ్చింది" అన్నాడు బసప్ప.

"ఆ వయసులోనా?"

"వయసుదేముండాది. మంచి ఆడది ఈ సినిమాకు వస్తాదా?"

ఆదెప్ప బెల్లు కొట్టి మళ్ల పైకెక్కినాడు.

మర్సనాడు మళ్ల వచ్చింది. మళ్ల చెప్పులు బయటే. మళ్ల మేకలు పోతానే తనూ పోయింది.

ఆ పొద్దు జనానికి ఓపిక లేకపాయె. మేకలు కనపడంగానే బెంచీలు బాదినారు.

"ఓ ఆపరేటరూ, కరువు చూసేకి దుడ్లిచ్చినామా? మా ఇండ్ల కాడ లేదా కరువు?"

"మేకల్ని తోలేసి ఆ ఆడమనిషిని పిలువప్పా."

ఓనరు పైకొచ్చినాడు. "ఆ ముక్క కోసెయ్ ఆదెప్పా. రీళ్ల డబ్బాలు ఎనక్కి పంపేటప్పుడు అతికిద్దాం."

ఆదెప్ప కత్తిరించి, చుట్ట చుట్టి అలమార్లో పెట్టినాడు. అలవాటైన పనే కదా, మళ్ల దాన్ని గురించి ఆలోచన చేయలేదు.

ఆ తర్వాతి పొద్దు కూడా ఆయమ్మ వచ్చి అదే బెంచీలో కూచుంది.

మేకలు రాలేదు. ఇంకా వస్తాయేమోనని ఆయమ్మ కూచునే ఉంది. అసలు సీను వచ్చింది. తెర మీద ఆడమనిషి వీపు తిప్పుకోని ఎక్కెక్కి ఏడుస్తాంది. కింద ఈలలు, కేకలు. ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని తల వంచుకుంది. ఆమెను చూసి మళ్ల తెర దిక్కు చూస్తే, ఆ ఏడుపు ఆదెప్పకు అప్పుడు ఇనపడింది. అన్ని ఆటలు ఏసినా అంతకుముందు ఇనపడలేదు.

ఆట ఇడిచి ఆదెప్ప కిందికి దిగేసరికి ఆయమ్మ గేటు కాడ నిలబడుంది.

"నాయనా, మేకలు పొయ్యేది రాలేదే?"

"తీసేసినాంలేమ్మా" అన్నాడు ఆదెప్ప.

"మళ్ల ఆటకు ఏస్తారా? ఒక్క తూరి చూసి పోతా. రాత్రికి నేను ఊరిడిచి పోవల్ల."

"దాంట్లో ఏముండాదమ్మా, మేకలు తప్ప?"

ఆయమ్మ ఏందో చెప్పబోయింది. చుట్టూ మొగోళ్లు.

"అవ్వకు మేకలు కావల్లంట" అన్నాడు ఎవుడో. గుంపంతా నగింది.

"ఏం లేదులే నాయనా."

చెప్పులు చేతిలో పట్టుకోని బస్టాండు దిక్కు పోయింది. మళ్ల రాలేదు.

శుక్రవారం పొద్దున కొత్త సినిమా దిగింది. పాతది సర్ది పంపల్ల. ఆదెప్ప అలమార్లోని ముక్క బయటికి తీస్తే, డబ్బాలు మోసేకి వచ్చిన కదిరప్ప దాన్ని ఎలుతురుకు పట్టి చూసినాడు.

"అన్నా, ఇది మా ఊరి వంక. ఈ మేకల ఎనకాల కంబళి కప్పుకోని నగుతాండేది మా వీరప్ప."

"మీ ఊర్లో తీసినారా? ఎప్పుడూ చెప్పలేదే."

"యాడ చెప్పేది? బూతు సినిమా అని పేరు పడినాక ఊరంతా నోరు మూసుకున్నారు. చూసేకి గూడా ఎవురూ రాలేదు."

"ఈ వీరప్ప ఏం చేస్తాంటాడు?"

"యాడుండాడన్నా. పోయినేడు బాయి తవ్వతాంటే గడ్డ ఇరిగి మీద పడె. పటం కట్టిచ్చి దానికి బొట్టు పెడదామంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పెండ్లాం సుంకమ్మ ఒట్టి గోడకే దీపం పెడతాండె. పాపం, ఆయమ్మ గూడా మొన్న రాత్రి ఇంటికి బీగం ఏసి బెంగుళూరికి కూలికి పాయె."

ఆదెప్ప కంతలోనుంచి కిందికి చూసినాడు. ఆడోళ్ల బెంచీలు ఖాళీగా ఉండాయి.

బసప్ప అన్నది నిజమే, ఆయమ్మ సినిమాకు రాలేదు. చెప్పులు బయట ఇడిచి, మొగుని పటం ముందర కూచునేకి వచ్చింది.