పొడుగు బండి

“టీ వడకట్టే జాలీ ఏదండీ?”

“షెడ్డులో ఉంది.”

“షెడ్డులో ఎవరు టీ పెడుతున్నారు?”

“పెయింటు వడకట్టాను. ఉండలు కట్టింది.”

స్టవ్వు మీద టీ మరుగుతోంది. ఆవిడ పట్టకారుతో సహా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“నిన్న హెయిర్ డ్రయ్యరు, మొన్న ఇస్త్రీపెట్టె. రేపు నన్ను కూడా ఆ బండికి ఎక్కడో ఓ చోట అతికించేస్తారు.”

“నువ్వు అతకవులే.”

“సరే. నా చక్రాల ఇంట్లో కొత్త జాలీ ఉంది. అదే తెచ్చుకుంటాను,” అని ఆవిడ పెరటి తలుపు గడియ తీసింది.

పేపరు కింద పడింది.

“ఆగాగు! నేను తెస్తాను. నువ్వు వెళ్తే ఆ తాళ్లన్నీ చిక్కు పడిపోతాయి.”

కుక్కరు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నా కుర్చీలోంచి కదలని మనిషి. టీ పొంగేలోపు జాలీతో తిరిగొచ్చాడు. ఆవిడ కోపం సగం దిగిపోయింది.

చక్రాల ఇల్లంటే, బండి వెనక తగిలించి లాక్కుపోయే ట్రైలరు. ఆవిడ ముచ్చటపడి కొనుక్కుంది. లోపల మెత్తటి పరుపు, బుల్లి స్టవ్వు, ఒక కిటికీ. దాన్ని సముద్రం ఒడ్డున నిలబెట్టుకుని, ఎవరికీ టీ పెట్టకుండా ఒక్క వారం బతకాలి. ఆవిడ కోరుకున్నది అంతే.

ఇంట్లో ఉన్న చిన్న కారు దాన్ని లాగలేదు. అద్దెకు ఇంకో బండి తెచ్చుకుందామంది. రిటైరైన ఇంజనీరు ఇంట్లో అనకూడని మాట అది.

“లాగడమంటే ఏమనుకున్నావు? ముందు బండి పొట్టిదైతే వెనకున్నది దాన్ని అటూ ఇటూ ఊపేస్తుంది. పొడుగుండాలి. నాన్న బండిని పొడుగు చేస్తాను, చూస్తూ ఉండు.”

నాన్న బండి షెడ్డులో పడి ఉన్న పాతకాలపు ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాగన్. ఒకప్పుడు కొండయినా ఎక్కేది, బురదయినా దాటేది. ముందు తలుపుల వెనకాల దాన్ని అడ్డంగా కోయించాడు. రెండు ముక్కల్నీ ఎడంగా జరిపాడు. మధ్యలో కొత్త భాగం అతకాలని ప్లాను.

ఆయన తల్లి చేతికర్ర సాయంతో షెడ్డు దాకా వచ్చి చూసింది.

“మీ నాన్న బతికినన్నాళ్లూ దీన్ని తోలాడు. పొట్టిగా ఉందని ఏనాడూ ఏడవలేదురా.”

“ఇది బరువు లెక్కలమ్మా. నీకు తెలీదు.”

“నాకు తెలిసిందల్లా ఒకటే. నిన్న ఒక బండి ఉండేది. ఇవాళ రెండు సగాలున్నాయి.”

ఉద్యోగంలో ఉండగా ఆయన వంతెనలు కట్టాడు. చివరగా కట్టింది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దానికి రోడ్డు మాత్రం ఇంకా రాలేదు.

పని మొదలైన కొత్తల్లోనే, వెల్డింగు రవ్వలు ఎగిరి పడతాయని పెరట్లో ట్రైలరు మీద టార్పాలిన్ కప్పాడు. చుట్టూ తాళ్లు కట్టాడు. పని పూర్తయ్యేదాకా ఎవరూ దాని జోలికి వెళ్లకూడదని ఇంట్లో ఉత్తర్వు వేశాడు. నా మీద లేని శ్రద్ధ నా ఇంటి మీదన్నా ఉందిలే అనుకుంది ఆవిడ.

జాలీ గొడవ జరిగిన రోజే షెడ్డుకి టీ తీసుకెళ్లింది. వెల్డరు నల్ల కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని కప్పు అందుకున్నాడు.

“ఛాసిస్ ఎంత బాగా కలిసిందో చూడండమ్మా! కొత్త ఇనుము కొన్నా ఇంతలా కుదరదు. సారు ఏ ముక్క అడిగినా కోసి తెచ్చిచ్చేస్తున్నారు. ఎక్కణ్ణుంచి పట్టుకొస్తున్నారో ఏమో!”

“ఇంట్లోదేలేవయ్యా. నువ్వు కానీ,” అన్నాడు ఆయన.

ఏ పాత సామానూ పారేయనివ్వని మనిషి. ఇన్నాళ్లకి ఆ చెత్తంతా పనికొచ్చింది కదా అని ఆవిడ సంతోషించింది.

ఆ సాయంత్రం గాలి లేచింది.

“టార్పాలిన్ మరీ ఎగిరిపోతోంది, చూడండి.”

ఆయన వెంటనే వెళ్లి తాళ్లు బిగించొచ్చాడు. పెళ్లయ్యాక, ఒక్కసారి చెప్పగానే ఆయన చేసిన మొదటి పని అదే.

ఆదివారం పొద్దున బండి షెడ్డులోంచి బయటికొచ్చింది. ముందు భాగం వీధిలోకి వచ్చి చాలాసేపటికి గానీ వెనక భాగం రాలేదు. మలుపులో ముందుకీ వెనక్కీ ఆడి ఆడి తిరిగింది. ఇరుగుపొరుగు చుట్టూ మూగారు. సీట్లు పరుపులా ఉన్నాయని పక్కింటాయన లోపలే కూర్చుండిపోయాడు. వెనక కొక్కెం తళతళలాడుతోంది.

“ఏనుగునైనా లాగుతుంది!” అన్నాడు ఇంజనీరు.

ఆవిడ లోపలికెళ్లి బట్టలు సర్దుకుంది. సంచీలో టీ పొడి పెట్టుకుంది. కప్పు ఒక్కటే పెట్టుకుంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు.

“బండి బానే కుదిరిందిరా. ఇంతకీ ఎప్పుడు బయల్దేరుతున్నారు?” తల్లి అడిగింది.

వడ్డిస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది.

ఆయన మంచినీళ్లు తాగాడు. వంతెన ప్రారంభోత్సవంలో మైకు ముందు నిలబడ్డట్టు గొంతు సవరించుకున్నాడు.

“ఒక నిర్ణయం తీసుకున్నాను,” అన్నాడు భార్య వైపు తిరిగి. “రేపట్నుంచి నీకు కొత్త చక్రాల ఇల్లు కడుతున్నాను; పాతది మొత్తం ఈ బండికే సరిపోయింది, ఆ టార్పాలిన్ కింద ఉన్నవి నాలుగు కర్రలే.”