ముందు మీరంటే మీరు

"మళ్ళీ అదే పాట!" ఆసుపత్రి బీమా కౌంటరావిడ మూడు ఉత్తరాల్నీ బల్లమీద పరిచింది. "మీ ఫ్యాక్టరీ బీమా వాళ్ళు, ముందు మీ ఆవిడ స్కూలు బీమా తేల్చాలంటారు. స్కూలు వాళ్ళు, ముందు మీ అబ్బాయి ఆఫీసు బీమా అంటారు. వాళ్ళేమో, ముందు మీ ఫ్యాక్టరీ అంటారు!"

పేషెంటు భర్త గోడ గడియారం వైపు చూశాడు. నాలుగున్నర. ఐదులోపు అనుమతి రాకపోతే రేపటి ఆపరేషన్ల జాబితాలోంచి భార్య పేరు తీసేస్తారు. గుండె ఆపరేషను, వాయిదా వేస్తే ప్రమాదమని డాక్టరు పొద్దున్నే చెప్పాడు.

"మూడు బీమాలున్నాయి, నాకేం భయమనుకున్నానమ్మా," అన్నాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "అన్నయ్యా, మీ ఫోనివ్వండి." దాన్నీ, తన ఫోన్నీ, కౌంటరు ఫోన్నీ పక్కపక్కన పెట్టి మూడు కంపెనీలకీ ఒకేసారి కలిపింది. కౌంటరు ఫోనుకి ఒక్కదానికే అవతల ఎత్తారు.

"ఫ్యాక్టరీ క్లెయిములండీ, చెప్పండి."

"మిగతా ఇద్దరికీ కూడా చేస్తున్నాను సార్. ముగ్గురూ మాట్లాడుకుని ముందెవరో తేల్చండి."

"అలా కుదరదు మేడమ్. వాళ్ళ రూల్సు వాళ్ళవి, మా రూల్సు మావి."

"మీ వెనకాల ఏవో ఫోన్లు మోగుతున్నట్టున్నాయి."

"మోగనీండి. అవి వేరే సెక్షనువి."

"సరే, ఒకే కాగితం రాశాను, వినండి. ముందు స్కూలు, మిగిలింది ఫ్యాక్టరీ, ఇంకా మిగిలితే అబ్బాయి ఆఫీసు. కాదంటారా, ఈ మూడు ఉత్తరాలూ ఒకే కవర్లో పెట్టి మీ మూడు కంపెనీల పెద్దలకీ పంపిస్తా. చదివి నవ్వుతారో ఏడుస్తారో వాళ్ళిష్టం!"

అవతలి మనిషి దిగొచ్చాడు. "ఆ కాగితం పంపండి. మిగతా ఇద్దరి సంగతీ నేను చూసుకుంటాను."

"ఇదిగో, పంపేశాను. ఫోను పెట్టెయ్యకండి. పని అయ్యేదాకా లైన్లోనే ఉండండి."

పది నిమిషాల్లో కంప్యూటరు మీద ఒక అనుమతి వచ్చింది. దాని వెనకే రెండోది, మూడోది! ఆవిడ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టి, తన ఫోన్లోంచి ఆపరేషన్ థియేటరుకి చెప్పేసింది. జాబితాలో పేరు ఖాయం.

భర్త ఆనందం పట్టలేక కౌంటరు ఫోను అందుకున్నాడు. "బాబూ, మీ మేలు జన్మలో మరిచిపోను. ఆ ఇద్దర్నీ ఇంత తొందరగా ఎలా ఒప్పించారు?"

"ఒప్పించేదేముందండీ," అన్నాడతను గొంతు తగ్గించి. "మూడు కంపెనీల క్లెయిములూ చూసేది నేనొక్కణ్ణే."