పూర్ణిమ వెలుగు

చేవెళ్ల నుంచి అత్త సక్కుబాయి ఫోన్ చేసింది. "పొద్దుగూకింది, పెట్టిన బువ్వ పిట్ట ముట్టలే బిడ్డా. పిల్లకు ఏందో కోరిక మిగిలింది."

ఆ కోరికేమిటో ఉమారాణికి తెలుసు. అందుకే కూతురు పూర్ణిమ పోయిన మూడోనాడే, మొయినాబాద్‌లో తను పనిచేసే ల్యాబుకు చీకట్లో ఒక్కతే వచ్చింది. ఒకదాంట్లో ఒకటి ఇమిడిన రెండు గాజు కప్పుల నడుమ రక్తం పోసి తిప్పితే మెత్తని కణాలు సాగుతాయి. వాటి గుండా పోయిన లేజర్ వెలుగు తెరమీద కోడిగుడ్డులా సాగుతుంది. జబ్బు వల్ల పూర్ణిమ కణాలు గట్టివి. ఎన్నిసార్లు చూసినా వెలుగు గుండ్రమే. "నాది ఎప్పుడు సాగుతదమ్మా?" అని ప్రతిసారీ అడిగేది ఆ ఎనిమిదేళ్ల పిల్ల.

ఫ్రిజ్‌లో మిగిలిన ఆఖరి రక్తం పోసి తిప్పింది. గుండ్రమే.

"మాఫ్ చెయ్యి బిడ్డా," అని కప్పులు తిప్పే మోటారు ఆపేసింది. లేజర్ మాత్రం వెలుగుతూనే ఉంది. బయట కాల్‌సెంటర్ క్యాబు ఒకటి పోయి, ఆ చప్పుడూ అణిగింది.

అప్పుడు వెలుగు మెల్లగా సాగింది. గుండ్రమైంది. మళ్లీ సాగింది, ఊపిరిలా.

ఫోన్ మోగింది. "ఇప్పుడే ముట్టింది బిడ్డా," అంది సక్కుబాయి. "పిట్ట కానరాలే, రెక్కల సప్పుడు గూడ లేదు. బువ్వయితే లేదు."

తెరమీద వెలుగు గుండ్రమై నిలిచిపోయింది.

"ఇంకో గడియ ఆకలితోని ఉండకపోతివా బిడ్డా," అంది ఉమారాణి ఆ వెలుగుతో.