దారి తప్పిన డ్రైవర్

ఉప్పల్‌లో ఆ ఇరుకు గల్లీలోకి ఫైరింజన్ వచ్చి ఆగేసరికి, ఎక్కడ అంటుకుందోనని జనం మేడల మీదికి చూశారు.

ఎక్కడా పొగ లేదు.

బండి దిగిన ఆరుగురూ బిక్షపతి ఇంటి ముందు వరసగా నిలబడ్డారు.

లోపల బిక్షపతి శవం ఉంది. ముప్పై రెండేళ్ళు అలాంటి బండ్లే నడిపాడు. పీల్చిన పొగకు ఊపిరితిత్తులు చెడి, ఆ పొద్దున దవాఖానాలో పోయాడు.

గల్లీ చివర బైక్ మీదే కూర్చుని చూస్తున్నాడు దుర్గేష్. బిక్షపతి అతని తండ్రికి సొంత తమ్ముడు.

అయినా అతను లోపలికి పోలేదు. అమ్మ పోరు పెడితే నాచారం నుంచి ఇక్కడిదాకా వచ్చాడు, అంతే.

బిక్షపతి మీద అతని పగ వయసు ఇరవై మూడేళ్ళు.

దుర్గేష్‌కు అప్పుడు ఏడేళ్ళు. ఉప్పల్ నుంచి నాచారంలోని కొత్త అద్దె ఇంటికి మారి ఇరవై రోజులు కూడా కాలేదు. అమ్మ చర్లపల్లిలో ఫ్యాక్టరీ పనికి పోయింది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన నాన్న మధ్యాహ్నం లోపలి గదిలో నిద్రపోతున్నాడు. బయట ఆడుకుంటున్న దుర్గేష్‌కు కిటికీలోంచి పొగ కనబడింది. ఏడుస్తూ కిరాణా కొట్టుకు ఉరికాడు. కొట్టు ఆయన నూట ఒకటి నొక్కి, రిసీవర్ పిల్లవాడి చేతిలో పెట్టి, తాను బకెట్ పట్టుకుని మంట దగ్గరికి పరుగెత్తాడు.

ఫైరింజన్ రావడం పావుగంట ఆలస్యమైంది.

నాన్న దక్కలేదు.

ఆ బండి నడిపింది బిక్షపతే. అన్న ఇల్లు మారిన సంగతి యాదికి రాలేదని, అలవాటు కొద్దీ పాత ఇంటి దిక్కు పోయానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. విచారణలోనూ అదే చెప్పాడు. ఆ తర్వాత ప్రమోషన్ రాలేదు. డ్రైవర్‌గానే రిటైరయ్యాడు. అన్నను చంపుకున్నవాడని చుట్టాలు అతన్ని శుభకార్యాలకు పిలవడం మానేశారు.

ఏటా అన్న పోయిన రోజున మాత్రం నాచారం వచ్చి, గేటు బయట కాసేపు నిలబడి పోయేవాడు.

ఇరవై ఏళ్ళ వయసులో ఒకసారి దుర్గేష్ ఆ గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏడేండ్ల పోరణ్ణి, నేను సక్కగ ఫోన్ జేసిన. నీకే దారి తెల్వకపాయె. మళ్ల రాకు."

బిక్షపతి తల వంచుకుని అంతా విన్నాడు.

"నిజమే బిడ్డా" అన్నాడు.

మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఆరుగురూ ఒక్కసారిగా శవానికి సెల్యూట్ చేశారు. అది చూసి దుర్గేష్ ఉండబట్టలేకపోయాడు.

"దారి తప్పి సొంత అన్ననే పోగొట్టుకున్న డ్రైవర్‌కు గింత మర్యాదనా" అనేశాడు.

పక్కన గోడకు ఆనుకుని ఉన్న ముసలాయన అతని వైపు తిరిగాడు. తన పేరు నరసింహమూర్తి అని, మల్కాజిగిరి నుంచి వచ్చానని, బిక్షపతి పనిచేసిన స్టేషన్లోనే ఫోన్ దగ్గర డ్యూటీ చేశానని చెప్పాడు. దుర్గేష్‌ను ఆ గల్లీలో ఉండే మనిషే అనుకున్నాడు. దుర్గేష్ కాదనలేదు.

"వాడు దారి తప్పలేదు బాబూ. ఆ రోజు ఫోన్ ఎత్తింది నేనే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. శవం ముందు ఆ మాట వినలేక చెప్తున్నాను."

ఫోన్లో వినబడింది ఒక పిల్లవాడి గొంతట. ఏడుస్తూనే, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు ఇంటి నంబరుతో సహా ఉప్పల్ అడ్రసు చెప్పాడట. ఆ అడ్రసు ఈయన పైకి చదవగానే బిక్షపతి మొహం పాలిపోయిందట. ఆ ఇల్లు అన్న ఖాళీ చేసిందే. కానీ చెప్పిన చోటికి పోకుండా ఉండే వీలు లేదు. పోయి చూస్తే అక్కడ మంట లేదు. ఫోన్ చేసింది ఎవరో అప్పటికి బిక్షపతికి అర్థమైపోయింది. బండిని నాచారం తిప్పాడు. అన్నను తన చేతులతోనే బయటికి మోసుకొచ్చాడు.

"సాయంత్రం స్టేషన్‌కు వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. రిజిస్టర్లో నాచారం అడ్రసే రాయమన్నాడు."

తప్పిపోతే చెప్పాలని నాన్న నేర్పించిన అడ్రసు అది.

ఆ మంటకు ముందటి ఏడాది, బడికి పోయే ముందు రోజూ చెప్పించుకునేవాడు. ఉప్పల్ ఇంటి నంబరు దుర్గేష్‌కు ఇప్పటికీ నోటికొచ్చు.

ఆ రోజు రిసీవర్‌లో కొత్త ఇంటి నంబరు చెప్పినట్టు గుర్తు చేసుకుందామని చూశాడు. కొత్త ఇంటి నంబరు ఏదో అప్పుడు అతనికి తెలియనే తెలియదు.

"ఎందుకట్ల రాయించిండు?" అన్నాడు.

"నేనూ అదే అడిగాను. 'పోయినోడు ఎట్లాగు పోయిండు సార్. ఉన్నోణ్ణన్న దక్కించుకోనియ్యి' అన్నాడు."

ఇంటి ముందు పాడె లేచింది. బిక్షపతి భార్య సాలమ్మ చిన్నమ్మ ఏడుపు గల్లీ అంతా వినబడింది. మోయడానికి ఇంకొకరు కావాలని ఎవరో పిలుస్తున్నారు. దుర్గేష్ బైక్ దిగబోయాడు.

నరసింహమూర్తి అతని భుజం పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ అన్న కొడుకు ఈ ఇంటికి రాడట. ఎప్పుడైనా వస్తే, ఈ మాట మాత్రం వాడి చెవిన పడనీయకండి బాబూ."