ఆరు ఎక్కువైన నంబరు

దవాఖానలో పిల్లలకు ఎండదెబ్బ తగలకుండా ఎండసూది వేసే ఆఖరి రోజు అది. ఆ సూది పడని పిల్లలను వానలు మొదలయ్యేదాకా గడప దాటనివ్వరు. నా ఎనిమిది నెలల మనస్వి నంబరు సిస్టర్ కొట్టగానే మిషన్ "ఈ బిడ్డ లేదు" అంది.

"నా సంకల ఉన్నది కద సిస్టర్," అన్నాను.

"నాకు కనబడితే ఏం లాభం చెల్లె, దానికి కనబడాలె. ఆఫీసుకు రాస్త, నెలాగి రా," అంది రజిత సిస్టర్.

కాన్పు రోజు కరెంటు లేక ఎవరో చేత్తో రాసిచ్చిన కార్డు మళ్ళీ చూశాను. 487502613924. పిల్లల నంబర్లన్నీ తొమ్మిదితో శేషం లేకుండా భాగమవుతాయని అక్కడ గోడ మీద రాసి ఉంది. అది తేల్చడానికి అంకెలు కూడితే చాలని ఎనిమిదో తరగతిలో చెప్పారు. ఆ సంవత్సరమే నా బడి ఆగిపోయింది. వేళ్ళ మీద కూడితే యాభై ఒకటి వచ్చింది. తొమ్మిదో ఎక్కంలోని నలభై అయిదు కన్నా ఆరు ఎక్కువ. భయమేసి మళ్ళీ కూడి చూశాను. ఆరే.

"సిస్టర్, గీ ఏడు ఒకటేమో. పైన జర వంచి రాసిన్రు. ఏడుల ఆరు తీస్తే ఒకటే కద."

ఆమె కార్డును వెలుతురుకు పట్టి చూసి, ఏడు బదులు ఒకటి కొట్టింది. మిషన్ నా బిడ్డ పేరు పలికింది. సూది గుచ్చగానే మనస్వి గుక్కపెట్టి ఏడ్చింది. నాకు ఒళ్ళు తేలికైంది.

నిన్నటి నుంచి బల్ల మీదే కూర్చున్న ఒకామె, బిడ్డను భుజాన వేసుకుని వచ్చి తన కార్డు నా చేతిలో పెట్టింది.

"ఇది గూడ జర కూడి సూడు చెల్లె."