ఆ మేస్త్రి మీద కవిత

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. తిరుత్తణి తెలుగు సంఘం మైకులో దేవసేన కవిత చెబుతోంది. ఛందస్సూ లేదు, మర్యాదా లేదు.

"నా చెయ్యేమన్నా నీ నాయన సొత్తా? వదలరా, నాయాలా!"

కుర్రాళ్లు ఈలలేసి ఆ ముక్క మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. ముందు వరసలో కూర్చున్న మగ్గాల షెడ్డు యజమాని జనార్ధనానికి మాత్రం అనుమానం పట్టుకుంది. ఆమె వేదిక దిగగానే అడ్డం వచ్చాడు.

"ఎవుర్ని తిట్టినావు? నన్నేనా? ఎవురు చెప్పినారు నీకు?"

"కడంబత్తూరులో నాతో పని చేయించిన మేస్త్రిని, అయ్యా. వాడు సచ్చి శానా నాళ్లాయె."

జనార్ధనం తేలిగ్గా నవ్వాడు.

దేవసేన నవ్వలేదు.

"నీ షెడ్డుకు పోనని మా చెల్లెలు దినామూ ఏడస్తా ఉంది. నేనే కొట్టి పంపిస్తా ఉండాను గదరా, నాయాలా!"