ఆఖరింటి కొళాయి

"నీళ్లు మీరు వదులుతాండారు సార్, నేను కాదనను. మా ఇంటికి వచ్చేసరికి అవి గాలైపోతాండాయి," అంది శివలీల. ఖాళీ బిందె చంకనేసుకుని నీళ్ల శాఖ ఏఈ శివప్రసాద్ గారి గేటు దగ్గరే ఆయన్ని పట్టుకుంది.

కల్లూరులోని ఆ కొత్త కాలనీలో వీధి మొదటి ఇల్లు ఆయనది, ఆఖరిది ఆమెది. మధ్యలో వాళ్లంతా కొళాయి గొట్టానికే మోటారు తగిలించి లాగేసుకుంటారు. నాలుగు రోజులకొకసారి పొద్దున పదింటికి నీళ్లు వదిలినప్పుడు శివలీల కొళాయి కాస్త దగ్గి, ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంటుంది. ఎండల్లో ట్యాంకరు కోసం నిలబడీ నిలబడీ ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. మనమూ ఒక మోటారు కొందామన్నాడు భర్త వీరేష్. రాని నీళ్లను ఏ మోటారు లాగుతుందని ఆమె అడిగింది. ఆయన చేతిలో పేపరు ఉంది కాబట్టి అందులోకి వెళ్లిపోయాడు.

ఏఈ గారు అంతా శాంతంగా విన్నారు. మోటార్లు పీకేస్తే జనం మర్నాడే తగిలించుకుంటారనీ, జరిమానా వేస్తే నాయకుల దగ్గరికి పరిగెత్తుతారనీ ఓపిగ్గా వివరించారు.

"బలవంతం మా విధానం కాదమ్మా. వినియోగదారుల్లో మార్పు రావాల. అందుకే ఆటోకు మైకు కట్టి వీధివీధీ చెప్పిస్తాండాం."

"మార్పు వచ్చేదాకా స్నానాలు ఆపుకోమంటారా సార్?"

ఆయన నవ్వారు. అదీ శాంతంగానే.

ఆ వారమే కూతురు రమ్యశ్రీ డిగ్రీ పాసైంది. నీళ్ల రోజని కూడా చూసుకోకుండా శివలీల వీధిలో ఆడవాళ్లందరినీ పదింటికి ఉగ్గాని, బజ్జీలకు పిలిచింది. అనసూయమ్మ వచ్చింది, క్రిస్టినా వచ్చింది, ఏఈ గారి భార్య నాగశ్రీ కూడా వచ్చింది. అనసూయమ్మ మిరపకాయ బజ్జీ కొరికి కళ్లు తుడుచుకుంటున్న సమయానికి పెరట్లో ఎవరో డప్పు కొడుతున్నట్టు చప్పుడైంది. శివలీల వెళ్లి చూసింది. బోర్లించిన బిందె మీద కొళాయి నీళ్లు దబదబా పడుతున్నాయి.

బిందె తిప్పి పెట్టేలోపే ఆమెకు సంగతి అర్థమైపోయింది. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది. అందుకని దాన్ని వేసి ఇల్లు వదిలి వచ్చే ధైర్యం ఎవరికీ లేదు. మగవాళ్లు పనులకు పోయారు. ఆడవాళ్లు బజ్జీల దగ్గరున్నారు. వీధిలోని మోటార్లన్నీ నిద్రపోతున్నాయి.

తర్వాతి నీళ్ల రోజున శివలీలకు పెళ్లిరోజు వచ్చింది. అది మాఘంలోనే అయిపోయిందని వీరేష్ గుర్తు చేయబోతే, ఉల్లిపాయల పళ్లెం ఆయన ముందు పెట్టి తరగమంది. ఆ తర్వాతి నీళ్ల రోజున ఆయనకు ప్రమోషన్ వచ్చింది. వీధి మలుపులో పక్కింటి మారెన్న చెయ్యి పట్టుకుని అభినందించేదాకా ఆ వార్త ఆయనకే తెలియదు.

"నాకెప్పుడొచ్చిందే ప్రమోషను?"

"నీళ్లొచ్చినప్పుడు."

సంపు నిండింది. ఇల్లు కడిగింది, వాకిలి కడిగింది, ఇక కడగడానికి ఏమీ మిగలక వీరేష్ స్కూటరు కూడా కడిగింది. అవతల మిగిలిన ఇళ్లలో సణుగుడు మొదలైంది.

"ఈ మధ్య మా సంపు సగం కూడా నిండడంల్యాదక్కా," అంది క్రిస్టినా. నాగశ్రీ కూడా, తన సంపు అడుగు కనిపిస్తోందనీ, ఇంట్లో సారుకు రోజూ అదే చెబుతున్నాననీ అంది.

"ఎండలు శానా ఉండాయి కదమ్మా, యాడ సరిపోతాయి నీళ్లు," అంటూ శివలీల ఇద్దరికీ చెరో బజ్జీ వేసింది.

ఆ పై నీళ్ల రోజుకు ఏ కారణమూ దొరకలేదు. దొరక్కపోయినా నష్టమేమీ లేదు, ఎందుకు పిలిచావని అడగడం అందరూ మానేశారు. అందరూ చాపల మీద సర్దుకునేసరికి ఏఈ గారు స్వయంగా దయచేశారు. ఆఖరి ఇంటికి నీళ్లందుతున్నాయని తెలిసి కళ్లారా చూసిపోదామని వచ్చారట. శివలీల బజ్జీల వైపు ఉరికింది. ఈయన ఇక్కడ కారణాలు తవ్వడం మొదలుపెడితే ఆడవాళ్లందరికీ తన గుట్టు తెలిసిపోతుంది. మళ్లీ ట్యాంకరు, మళ్లీ మోకాళ్లు. గబగబా ఒక పళ్లెం ఆయన చేతికిచ్చింది.

ఆయనకు తవ్వే ఉద్దేశమేమీ లేదు. కారణం ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వచ్చారు. అందరినీ పెరట్లోకి పిలిచి, ధారగా పడుతున్న కొళాయి పక్కన నిలబడ్డారు.

"ఇదమ్మా మార్పంటే. ఒక్క మోటారు పీకలేదు, ఒక్కరికి జరిమానా వేయలేదు. మా మైకు మాటలు విని మీకై మీరే మారినారు. రేపు కడప మీటింగులో పెద్దసార్ల ముందర ఈ వీధి సంగతే చెప్పబోతాండా."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తామెప్పుడు మారారో ఎవరికీ గుర్తు రాలేదు గానీ, పొగిడేవాణ్ణి ఆపడం మర్యాద కాదని ఊరుకున్నారు. శివలీల ఊపిరి పీల్చుకుంది. ఏఈ గారు జేబులోంచి ఫోను తీసి టైము చూసుకున్నారు, ఏదో నొక్కారు, మళ్లీ జేబులో వేసుకుని మాటల్లో పడ్డారు. నిజాయితీ అనేది ఇంటి నుంచే మొదలుకావాలని చెబుతుండగా కొళాయి ధార సన్నబడింది. తాడంత అయింది, దారమంత అయింది, ఒకసారి దగ్గి ఆగిపోయింది.

శివలీల గిరుక్కున వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టుకుంది. అనసూయమ్మ ఉంది. క్రిస్టినా ఉంది. నాగశ్రీ కూడా ఉంది, చేతిలో సగం కొరికిన బజ్జీతో. వీధిలోని ఆడవాళ్లలో ఒక్కరు కూడా తక్కువ లేరు.

ఆ నిశ్శబ్దంలో ఏఈ గారి చొక్కా జేబులోని ఫోనులోంచి ఒక ఆడగొంతు, కాస్త ఆలస్యంగానే, తియ్యగా పలికింది: "మీ మోటారు ఆన్ చేయబడినది."